ఫ్లెక్సీలో పోయిన ముక్కు

నారాయణఖేడ్‌లో కొత్తగా స్టూడియోలు పెట్టిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "కాకా, ఇన్నేండ్లు నడిపినవ్ గదా, నాలుగు మాటలు జెప్పు" అంటారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్లు తీసి చూసుకుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. చదివేవాళ్లు చదువుతారు, మిగిలినవాళ్లు వాళ్ల ఫిల్టర్లు వాళ్లు వేసుకుంటారు.

నా స్టూడియో బస్ డిపోకు పోయే తోవలో ఉండేది. చూపు మందగించి మూసేశాను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం నడుస్తోంది. కెమెరా పట్టకముందు నేను బొమ్మలు గీసేవాణ్ణి. దేవుళ్ల బొమ్మలు కావు, వంకర బొమ్మలు. బడిలో సారు పొట్ట ముందు వచ్చి, సారు తర్వాత వచ్చినట్టు గీశాను. దెబ్బలు తిన్నాను. తర్వాత ఒక వారపత్రికకు ఇక్కడి నాయకుడి గదమను, అంటే గడ్డాన్ని, సంచిలాగా వేలాడదీసి పంపాను. వాళ్లు అచ్చేశారు. ఆ నాయకుడి మనుషులు మా నాయినను వెతుక్కుంటూ వచ్చారు. "ఇగ చాలు నీ కళ, కడుపుకు కూడు పెట్టే పని నేర్వు" అని ఆయన నన్ను హైదరాబాద్‌లో ఒక ముసలి ఫోటోగ్రాఫర్ దగ్గర పడేశాడు.

ఆ ఉస్తాద్‌కు నా బొమ్మలంటే ప్రాణం. ఎప్పుడూ ఫ్రాన్సులో నూటయాభై ఏళ్ల కిందటి ఒకాయన సంగతి చెప్పేవాడు. ఆయనా ముందు పత్రికలకు వంకర బొమ్మలు గీసి తిట్లు తిన్నవాడే, తర్వాతే కెమెరా పట్టాడట. ఆ దేశంలో పేరున్న రచయితలు, నటీమణులు అంతా ఆయన ముందు కూర్చున్నారట. బెలూన్ ఎక్కి ఆకాశం నుంచి ఫోటోలు తీశాడట, దీపాలు పట్టుకొని నేల కింది మురికి కాలువల్లోకీ దిగాడట. మనిషి వెనక స్తంభాలు, పూలకుండీలు ఏమీ పెట్టకుండా ఒట్టిగా కూర్చోబెట్టేవాడట. "పహ్లే పెన్సిల్, ఫిర్ కెమెరా" అనేవాడు ఉస్తాద్. మొహంలో ఏది ఎవరి పోలికో బొమ్మ గీసినవాడికే తెలుస్తుందని ఆయన నమ్మకం. బెలూన్ సంగతి నాకు బాగా నచ్చింది గానీ, నా నసీబులో ఉన్నది ఫంక్షన్ హాళ్లలో ఇనుప నిచ్చెన ఎక్కడమే.

ఆ దేశంలోనే ఒక గొప్ప రచయిత ఉండేవాడట, ఫోటో దిగిన ప్రతిసారీ ఒంటి మీది నుంచి ఒక పొర ఊడిపోతుందని ఆయనకు భయమట. మా సిర్గాపూర్ దిక్కు ముసలివాళ్లు ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందంటారు. వీళ్లంటే మూఢనమ్మకం, ఆయనంటే గొప్ప ఆలోచన. బాగుంది లోకం తీరు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను మూసేయబోయే ముందటి ఏళ్లలో స్టూడియో అంటే ఫ్లెక్సీనే. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పాపకు చీరల ఫంక్షన్ అయితే ఫ్లెక్సీ, బాబుకు ధోతుల ఫంక్షన్ అయితే ఫ్లెక్సీ. ఫంక్షన్ చిన్న పిల్లవాడికి, ఫోటోలు మాత్రం చుట్టాలందరివీ ఉండాలి, లేకుంటే అలిగేవాళ్లు అన్నానికే రారు. నా దగ్గర కంప్యూటర్ ముందు కూర్చునే ఆపరేటర్ ఒకడుండేవాడు. నలభై దాటిన మనిషి, చేతిలో పనితనం ఉంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, దుకాణంలో తెలుగు, నాతో రెండింటిలోనూ కొట్లాట. కస్టమర్ నోరు తెరవకముందే మొహాన్ని తెల్లగా చేసేసేవాడు. "గీ మనిషి గిట్ల ఉండడు గదరా" అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి. "ఉస్తాద్, కస్టమర్ ఖుష్, మనం ఖుష్" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

మా ఎదురు సందులో జాకెట్లు కుట్టే ఒకామె ఉండేది. ఆమె తండ్రి ఆమె దగ్గరే ఉండేవాడు. బతుకంతా వారపు అంగళ్లు తిరుగుతూ ఎడ్ల బేరాలు కుదిర్చినవాడు. మనిషిని ఒకసారి చూస్తే మరిచిపోలేం. చేటలంత చెవులు, వాటి నిండా తెల్ల వెంట్రుకలు, కొస కిందికి వంగిన చిలుక ముక్కు, జారిన కింది పెదవి. తలకు రుమాలు చుట్టి కొసను కుడి చెవి మీదికి వదిలేవాడు. నేనేమో చూసినప్పుడల్లా వేళ్లు దురద పెట్టి మనసులోనే గీసుకునేవాణ్ణి. అప్పటికే ఆయనకు మతిమరుపు మొదలైంది. తిన్నది మరిచిపోయి, అన్నం పెట్టలేదని బిడ్డతో కొట్లాడేవాడు.

ఆమె కొడుకు ధోతుల ఫంక్షన్‌కు ఫ్లెక్సీ కావాలని ఇంటిల్లిపాదీ వచ్చారు. ముసలాయన కెమెరా చూసి లేచి నిలబడ్డాడు.

"నేను దిగ. ఫోటో దిగితె ఆయుష్షు తగ్గుతది. మా అవ్వ జెప్పింది."

"మీ అవ్వ జెప్పి డెబ్బై ఏండ్లాయె. తగ్గేదుంటే ఈపాటికి తగ్గిపోయి ఉంటది, కూసో పెద్దమనిషీ" అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే నొక్కాను. ఆ చెవులు, ఆ ముక్కు, ఉన్న నాలుగు పళ్లు, కళ్లలో బేరగాడి టక్కరితనం, అన్నీ పడ్డాయి. నా సర్వీసులో నేను తీసిన మంచి ఫోటోలు ఏరితే అందులో అదొకటి. వెనక తెర కూడా వేయలేదు.

తర్వాత అల్లుడు ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. "భాయ్, చెవులు జర లోపటికి నూకు. ముక్కు సన్నం జెయ్యి. ఎంటికలు నల్లగ జెయ్యి. మామకు కోటెయ్యి, రుమాలు దీసెయ్యి." బిడ్డ వెనక నిలబడి చూస్తోంది. "పనిల పని, నాది గూడ" అంటూ తన ముక్కు మీద వేలు పెట్టి చూపించింది. నేను రెండుసార్లు అడ్డం పడ్డాను. గోడకు చెప్పినా బాగుండేది. ఫ్లెక్సీ మీద కోటు, నల్లటి క్రాపు, బంగారు రంగు మొహంతో ఎవరో ఒక పెద్ద ఆఫీసరు మనవణ్ణి దీవిస్తున్నాడు. ముసలాయన చౌరస్తాలో దాన్ని చూసి, "గీయన మన పిలగానికి ఏమయితడు?" అని అడిగాడట. మతిమరుపు అనుకొని అందరూ నవ్వారు. ఆ రోజు ఆయన మతికి ఏ లోపమూ లేదని నా అభిప్రాయం.

చలికాలంలో ఒక పొద్దున ఆమె మిషన్ తొక్కుతుండగా ముసలాయన ఇంట్లోంచి వెళ్లిపోయాడు. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. కల్హేర్ అంగడికి పోతున్నానని ఎవరితోనో అన్నాడట. ఆ రోజు అక్కడ అంగడే లేదు. డిపోలో అడిగితే ఒకరు జహీరాబాద్ బస్సెక్కాడన్నారు, ఒకరు బీదర్ దిక్కు పోయే ఆటో అన్నారు. ఆయనకు షుగరు. తన ఊరు పేరు అడిగితే ఒకరోజు చెబుతాడు, ఒకరోజు చెప్పడు. బయట చలి కొరుకుతోంది. బిడ్డ ఊరంతా తిరిగి తిరిగి గొంతు పోగొట్టుకుంది.

అల్లుడు తెలివిగా పని చేశాననుకొని, ఆ ఫ్లెక్సీ ఫోటోనే కత్తిరించి ఫోన్ గ్రూపులన్నింటిలో పెట్టాడు. కిందే "తప్పిపోయినారు" అని రాశాడు. ఇక చూడండి నా తలనొప్పి. ఫోటో కింద మా స్టూడియో పేరూ నంబరూ ఉన్నాయి కదా, ఫోన్లన్నీ నాకే. జహీరాబాద్‌లో కోటు వేసుకొని పెళ్లికి పోతున్న ఒక రిటైరైన ఉద్యోగిని బస్టాండులో పదిమంది చుట్టుముట్టి, "నీ బిడ్డ ఏడుస్తుంది, ఇంటికి నడువు పెద్దాయనా" అని చెయ్యి పట్టి గుంజారట. నాకు బిడ్డలే లేరని ఆయన మొత్తుకుంటుంటే, పాపం మతిమరుపని జాలిపడి ఆటో ఎక్కించారట. ఆయన నాకు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఠాణాలో కానిస్టేబుల్ ఆ ఫోటో చూసి, "గీయన తప్పిపోయేటోని లెక్క లేడు కాకా, తప్పిపోయినోళ్లను దొరకవట్టేటోని లెక్క ఉన్నడు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

నేను ఆపరేటర్ మీద పడ్డాను. "అసలు ఫోటో ఏదిరా? చెవులున్నది, ముక్కున్నది?"

"దిద్దిన ఫోటో దాని మీదనే సేవ్ గొట్టిన ఉస్తాద్. కెమెరా కార్డు తెల్లారె ఇంకో పెండ్లికి వాడినం."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని దీన్నే అంటారు. పోనీ ఇంట్లో ఫోన్లలో ఏమైనా ఉన్నాయా అంటే, ముసలాయన ఫోన్ కనబడితే చాలు మొహానికి తువ్వాల అడ్డం పెట్టుకునేవాడు. దొంగచాటుగా మనవడు తీసిన ఒకట్రెండింటిలో కూడా ఏదో పిల్లి మీసాల ఫిల్టరు. ఆధార్, రేషన్ కార్డుల మీది ఫోటో పాతది, మసక. ఇంతమంది చేతుల్లో ఇన్ని కెమెరాలు పెట్టుకొని, ఇంట్లో ఉన్న ఒక్క మనిషి మొహం ఎవరి దగ్గరా లేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె, మొగుడు మా స్టూడియోకు వచ్చారు. ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి. "ఇంకో నాడు గడిస్తె మా నాయిన దక్కడు కాకా, ఒంటి మీద స్వెటర్ గూడ లేదు" అంది. ఆపరేటర్ తలొంచుకొని కూర్చున్నాడు. కత్తిరించగా మిగిలిన ఫ్లెక్సీ ముక్క ఒకటి తీసి, తెల్లటి వెనక వైపు తిప్పి టేబుల్ మీద పరిచాను. పేర్లు రాసే నల్ల మార్కర్ పట్టుకున్నాను.

చేటలంత చెవులంటే చేటలే గీశాను. ముక్కును గదమ దాకా దింపాను. పెదవిని ఇంకాస్త జార్చాను. రుమాలు కొసను కుడి చెవి మీద వదిలాను. ఎడ్ల పళ్లు చూసేవాడు నిలబడినట్టు, నడుం వంచి, చేతులు వెనక్కి కట్టి, మెడ ముందుకు చాచి నిలబెట్టాను. ఆయన్ను ఎన్నిసార్లు మనసులో గీసుకున్నానో, చెయ్యి ఎక్కడా ఆగలేదు.

అల్లుడు చూసి మండిపడ్డాడు. "ఏంది కాకా గిది? ఇల్లు గాలి ఒకడేడుస్తుంటె చుట్టకు నిప్పడిగినట్టున్నది నీ పని. మనిషి వోయి మేం పరేషాన్ల ఉంటె నువ్వు కోతి బొమ్మలు గీస్తున్నవా?"

ఆమె బొమ్మ మీదికి వంగి చూసింది. నాకు లోపల భయమే వేసింది.

"చెవుల ఎంటికలు మర్చిపోయినవ్" అంది.

గీశాను.

"ముక్కు ఇంక వంగాలె. కాదు కాదు, కొసకు. ఆ... గట్ల." ఆమె నవ్వింది. నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది. "గిదే మా నాయిన. పంపుండ్రి దీన్ని."

"గీ బొమ్మనా? ఊరంత నవ్వుతది. ఇజ్జత్ వోతది" అన్నాడు మొగుడు.

"నవ్వనీ. నవ్వాలంటె సూడాలె గదా. నిన్నటి నీ ఆఫీసరును సూసి ఎవ్వలన్న ఆగిండ్రా?"

ఆపరేటర్ బొమ్మను ఫోన్‌లో పట్టి, కింద మా నంబరు ఒక్కటి రాసి, మొహంలో దేన్నీ ముట్టుకోకుండా, ఉన్నదున్నట్టు గ్రూపుల్లో వదిలాడు. వాడు ఒక మొహాన్ని దిద్దకుండా బయటికి పంపడం అదే మొదటిసారి.

నిన్నటి ఫోటో నత్తలా పాకింది, ఈ బొమ్మ ఉరికింది. ఎందుకు ఉరకదు? జనానికి నవ్వు దొరికింది. కింద నవ్వే మొహాల గుర్తులు పెట్టారు, అచ్చం మా మామ, అచ్చం మా సారు అని రాసుకున్నారు. ఒకడు దానికి పాట కూడా కలిపాడు. వీళ్ల ఇండ్లల్లో మనుషులు తప్పిపోవాలి, అప్పుడు తెలుస్తుంది అని తిట్టుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం కాకముందే ఫోన్ మోగింది. ఆడగొంతు, కన్నడం కలిసిన తెలుగు. సరిహద్దు అవతల బీదర్ దిక్కున్న ఒక ఊళ్లో రోడ్డు మీద జొన్నరొట్టెలు అమ్ముతుందట.

"అణ్ణా, నీ బొమ్మల ఉన్న మూగు, నీ బొమ్మల ఉన్న కివి, రెండూ నా ముందట్నే కూసోని రొట్టె తింటున్నయి."

మూగంటే ముక్కు, కివి అంటే చెవి. సరిహద్దు మనుషులం, ఆ మాత్రం మాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే, పక్కనే ఉండి వింటున్న బిడ్డ వీధిలోకి ఉరికి ఆటోను ఆపింది.

మేం వెళ్లేసరికి ముసలాయన పొయ్యి పక్కన గోనెపట్టా కప్పుకొని కూర్చున్నాడు. రొట్టెలామె నడుం మీద చెయ్యి పెట్టుకొని మా మీదే కోప్పడింది. "నిన్న గూడ ఒక ఫోటో వచ్చింది నా ఫోన్ల. కోటేసుకున్నాయన. ఈయన పక్కన్నే ఉంటె ఈయనకే సూపిచ్చిన. 'పాపం ఎవలి నాయిననో, బిడ్డలు ఎంత ఏడుస్తున్నరో' అన్నడు. ఇద్దరం కలిసి అయ్యో అనుకున్నం."

అల్లుడు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ, ఆపరేటరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బిడ్డ పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "నాయినా, నడువు ఇంటికి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చాలా మర్యాదగా, "ఎవలమ్మ నువ్వు?" అన్నాడు.

అన్నం మరిచిపోయాడు, ఊరు మరిచిపోయాడు గానీ బిడ్డను ఆయన ఏనాడూ మరిచిపోలేదు. ఆమె మొహం అలాగే బిగుసుకుపోయింది. చెయ్యి పట్టి లేపబోతే ఆయన విదిలించుకున్నాడు. "తెల్వనోళ్ల బండి నేనెక్క. మా బిడ్డ వస్తది, అంగడి కాడికి వస్తనన్నది." అల్లుడు బలవంతంగా ఎత్తుదామన్నాడు. ముసలాయన కేకలు పెట్టాడు, రోడ్డు మీద జనం పోగయ్యారు. ఆమె ఫోన్‌లోని ఫ్లెక్సీ తీసి, గిది నేను, గిది నువ్వు అని చూపించింది. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ ఫ్లెక్సీ మీద ఆయన లేడు, ఆమె కూడా లేదు. ఎవర్ని గుర్తుపట్టమంటారు?

నేను చుట్టి తెచ్చిన బొమ్మను ఆయన ముందు విప్పాను. ఒక్క క్షణం చూసి పకపకా నవ్వాడు. "గీడు నేనే! గీ చెవులు సూడు, లుచ్చా!"

బిడ్డ కళ్లు తుడుచుకుంది. పక్కనున్న పిండి డబ్బా మీద నాకు ఎదురుగా కూర్చుంది. "కాకా, నన్ను గూడ గియ్యి" అంది. "ఏం దాయకు. ఎట్లున్నదో గట్ల గియ్యి. ఇంక ఎక్కువనే గియ్యి."

నాయకుణ్ణి వంకరగా గీయడం తేలికే. ఏడుస్తున్న ఆడమనిషి మొహాన్ని వంకర తిప్పడం ఎంత కష్టమో గీసి చూస్తే తెలుస్తుంది. నాకు నా మీదే విసుగొచ్చింది. అయినా అదే ముక్క మీద, ఆయన బొమ్మ పక్కనే గీశాను. సూది పోటులకు చిట్లించి చిట్లించి ముడతలు పడ్డ కళ్లు గీశాను. ముందుకొచ్చిన పన్ను గీశాను. ముక్కును కొస దాకా దింపి కిందికి వంచాను.

ముసలాయన బొమ్మను చూశాడు. వేలు తీసి ఆ ముక్కు మీద పెట్టాడు. ఆ వేలుతోనే తన ముక్కు తడుముకున్నాడు. తర్వాత ఆమె వైపు, ఎడ్ల బేరంలో చూసినట్టు, అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు.

"గీ ముక్కు మా ఇంటిదే" అన్నాడు. "ఎవలి బిడ్డవే నువ్వు?"

"నీ బిడ్డనే నాయినా."

ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మరి గా మాట ముందే జెప్పరాదు? పొద్దటి సంది గీడ కూసోని నీ కోసమే సూస్తున్న. లే, పొద్దు వోతుంది" అని గోనెపట్టా పక్కకు తోసి, అందరికంటే ముందు పోయి ఆటోలో కూర్చున్నాడు.